ఖాళీకి ఒక మార్కు

సరైన జవాబుకు 4 మార్కులు. తప్పు జవాబుకు సున్నా. ముట్టుకోకుండా వదిలేసిన ప్రశ్నకు 1 మార్కు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అందరూ పిలిచే పేరు ఐఎస్ఐ, తన బీస్టాట్, బీమ్యాథ్ కోర్సుల ప్రవేశ పరీక్షలో మొదటి పేపరుకు మార్కులు వేసే తీరు ఇది. ఎంసెట్ గాలి పీల్చి పెరిగిన మన ఇళ్లలో ఈ సంగతి చెబితే వెంటనే నమ్మరు. రాయనిదానికి మార్కేమిటి? పేరు రాసి పేపరు ఇచ్చేసి వస్తే 120కి 30 వస్తాయా? వస్తాయి. ప్రశ్నలు 30, ఖాళీకి ఒకటి చొప్పున. ఆ 30తో సీటు మాత్రం రాదు.

నాకు ముచ్చటేసేది ఆ ఒకటి. అది జాలిపడి ఇచ్చిన మార్కు కాదు, కొలిచి పెట్టిన మార్కు. ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు. కళ్లు మూసుకుని ఏదో ఒకటి పెడితే నాలుగింటిలో ఒకటి తగులుతుంది. నాలుగు ప్రశ్నలకు 4 మార్కులంటే సగటున ప్రశ్నకు 1. వదిలేసినా 1. గుడ్డిగా పెట్టినవాడికీ, తెలియదని వదిలేసినవాడికీ సగటున ఒకే ఫలం. ఖాళీకి అర మార్కే ఇస్తే గుడ్డిగా పెట్టడం లాభసాటి అవుతుంది. రెండు ఇస్తే సగం తెలిసినవాళ్లు కూడా చేతులు ముడుచుకుంటారు. తక్కెడ నిలిచేది సరిగ్గా 1 దగ్గరే.

మన ఈఏపీసెట్ చూడండి. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ ఖాళీ వదిలితే తెలివితక్కువతనం. చివరి అయిదు నిమిషాలూ మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టడానికే అని పిల్లలకు నేర్పి మరీ పంపుతారు. జేఈఈ మెయిన్ ఆప్షన్ల ప్రశ్నల్లో తప్పుకు 1 కోత ఉన్నా, ఒప్పుకు 4 కాబట్టి గుడ్డి జవాబుకు సగటున పావు మార్కు మిగులుతుంది. ఐఎస్ఐ పేపరులో ఆ పావు కూడా మిగలదు. ముప్ఫై ప్రశ్నలకూ గుడ్డిగా పెట్టేవాళ్లు వెయ్యి మంది ఉన్నారనుకుందాం. వాళ్ల సగటు 30 చుట్టూనే తిరుగుతుంది. చాలామంది 20కీ 40కీ మధ్య ఆగిపోతారు. 60కి చేరగలిగేది, లెక్క ప్రకారం, దాదాపు ముగ్గురు.

లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఇక్కడ ఒక చురక వేస్తారు. 4, 1, 0 అన్నా, ప్రశ్నకు ఒకటి తగ్గించి 3, 0, మైనస్ 1 అన్నా ర్యాంకులు ఒక్కటి కూడా మారవు కదా, ఇందులో కొత్తేముంది అని. నిజమే, కాగితం మీద రెండూ ఒకటే. కానీ పరీక్ష హాల్లో కూర్చున్న పదిహేడేళ్ల పిల్లకు ఒకటి కావు. మైనస్ ఒకటిలో తప్పుకు శిక్ష ఉంది. ఖాళీకి ఒకటిలో, ‘నాకిది తెలియదు’ అని సకాలంలో గుర్తించినందుకు విలువ ఉంది. గణాంక శాస్త్రం చదవబోయే పిల్లకు మొదట ఉండాల్సింది ఆ గుర్తింపే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని 1941లో ఈ సంస్థలో చేరిన సి.ఆర్. రావు గారు, తనకు ఎంతవరకు తెలియదో లెక్కగట్టి తెలుసుకోగలిగితే అదే పనికొచ్చే జ్ఞానమని వాదించేవారు. ఇక్కడి చదువుల రూపకల్పనలో ఆయన చేయి చాలానే ఉంది.

సగం తెలిసినవాళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. ఒక చిన్న లెక్క నేనే అల్లి చూపిస్తాను. అసలు పేపరు ఇంత తేలిగ్గా ఉండదు. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో 3తో గానీ 5తో గానీ భాగించబడేవి ఎన్ని? ఆప్షన్లు: 6, 41, 47, 53. 3కు గుణిజాలు 33, 5కు గుణిజాలు 20, రెండింటికీ చెందేవి 6. జవాబు 33, 20 కలిపి 6 తీసేస్తే 47. ఇప్పుడు తప్పు ఆప్షన్ల పుట్టుక చూడండి. రెండుసార్లు లెక్కపడ్డ ఆరింటిని తీసేయడం మర్చిపోతే 53. వాటిని రెండుసార్లు తీసేస్తే 41. ‘గానీ’ని ‘రెండూ’ అని చదువుకుంటే 6. పైగా రెండింటిలో దేనితోనూ భాగించబడనివి లెక్కపెట్టినవాడికీ 53 వస్తుంది, రెండు తప్పులకు ఒకే ఎర. మంచి పేపరులో తప్పు ఆప్షన్ నోటికొచ్చిన అంకె కాకూడదు, ఒక నిజమైన పొరపాటు చిరునామా కావాలి.

ఈ లెక్క పూర్తిగా రాని పిల్ల కూడా, 3కు గుణిజాలే 33 ఉన్నాయి కదా, 6 ఎలా అవుతుంది అని ఒకటి కొట్టేయగలదు. మిగిలిన మూడింటిలో ఏదో ఒకటి పెడితే సగటు 1.33 మార్కులు. రెండు కొట్టేయగలిగితే 2. అంటే తెలిసిన మేరకు కూలి ముడుతుంది. ఏమీ తెలియనప్పుడు మాత్రమే ఖాళీ, గుడ్డి జవాబు సమానం. 4, 1, 0 అనే మూడు అంకెల్లో ఇంత పని పట్టించడం నాకు మంచి పనితనంగా తోస్తుంది.

మొదటి పేపరు రెండు గంటలు, ప్రశ్నకు నాలుగు నిమిషాలు. ఈఏపీసెట్‌లో ప్రశ్నకు దక్కేది 70 సెకన్ల లోపే. ఒకటి చేతి వేగాన్ని చూస్తుంది, ఒకటి కుదురును చూస్తుంది. మధ్యాహ్నం జరిగే రెండో పేపరుకు వెళ్తే ఆ తేడా మరీ పెరుగుతుంది. రెండు గంటల్లో ఎనిమిది ప్రశ్నలు. ఆప్షన్లు ఉండవు, కారణాలు రాయాలి. పొద్దున పేపరులో గీత దాటినవాళ్ల మధ్యాహ్నం పేపరే దిద్దుతారు. అసలైన ఎంపిక ఇక్కడే జరుగుతుంది.

ఆ మధ్యాహ్నం పేపరు రుచి తెలియాలంటే పాతదే అయినా ఈ లెక్క చాలు: 11, 111, 1111, ఇలా అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్యల్లో ఏదైనా పూర్ణ వర్గం అవుతుందా? మన కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు నలిగిన పిల్లవాడికి చేతికి ముందు తగిలేది గుణశ్రేఢి సూత్రం. పది ఘాతం ఎన్, మైనస్ ఒకటి, బై తొమ్మిది అని రాసి, దాన్ని ఒక వర్గానికి సమానం చేసి, అక్కడినుంచి పేజీలు నింపుతాడు. ఎటూ తేలదు. ఇంకొకడు 11 కాదు, 111 కాదు, 1111 కాదు అని చూసి ‘ఏదీ కాదు’ అని రాస్తాడు. జవాబు ఒప్పే కానీ, అది నిరూపణ కాదు.

దారి ఏడో తరగతిలోనే ఉంది. ఏ సంఖ్యనైనా 4తో భాగిస్తే ఎంత మిగులుతుందో చివరి రెండు అంకెలే చెబుతాయి. ఇక్కడ ఎన్ని ఒకట్లున్నా చివర 11, అంటే మిగిలేది 3. సరి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే సున్నా మిగులుతుంది, బేసి సంఖ్య వర్గానికి 1. ఏ వర్గానికీ 3 మిగలదు. అయిపోయింది. నాలుగు వాక్యాలు, సూత్రం ఒక్కటీ లేదు.

ఇలాంటి లెక్కలో తెలివి మరోచోట కూడా ఉంది. ఒకట్ల బదులు మూళ్లు పెట్టి 33, 333, 3333 అని అడగండి. 33ను 4తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి బట్టీ పట్టిన చిట్కా అక్కడికక్కడే చచ్చిపోతుంది. అప్పుడు చివరి అంకె చూడాలి: ఏ వర్గమూ 3తో ముగియదు. నాలుగులు పెడితే? 444 అంటే 4 రెట్ల 111. 4 వర్గమే కాబట్టి మళ్లీ ఒకట్ల లెక్కకే వచ్చి చేరతాం. ఒక్క అంకె మార్చగానే కంఠస్థం చేసినవాళ్లెవరో, అర్థం చేసుకున్నవాళ్లెవరో విడిపోతారు. రాత పరీక్ష దాటినవాళ్లను పిలిచి మాట్లాడే ఇంటర్వ్యూ ఈ సంస్థలో చాలాకాలం నడిచింది. ఇలాంటి ‘మరి ఇలా అయితే?’ అనే ప్రశ్నకు అంతకంటే మంచి చోటు లేదు. జాతీయ గణిత ఒలింపియాడ్‌లో ఎంపికైనవాళ్లకు రాత పరీక్షే లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే ఆనవాయితీ ఉండేది. వాళ్లు ఇంతకంటే కఠినమైన పరీక్ష దాటి వచ్చారు కదా, మళ్లీ ఎందుకు అనే మర్యాద అది.

సంస్థ కథ పొడుగు, ఇక్కడ రెండు ముక్కలు చాలు. 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలోని చిన్న లాబొరేటరీ నుంచి మొదలుపెట్టాడు. 1959లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్యమున్న సంస్థ అయింది, మరుసటి ఏడే బీస్టాట్ మొదలైంది. బీస్టాట్ కోల్‌కతాలో, బీమ్యాథ్ బెంగళూరులో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆనర్స్ చేసి ఇక్కడ ఎంస్టాట్‌కు వచ్చిన బి.ఎల్.ఎస్. ప్రకాశరావు గారు తర్వాత ఈ సంస్థకే డైరెక్టర్ అయ్యారు.

ఇక స్కాలర్‌షిప్. ఇందులో కూడా అదే పనితనం కనిపిస్తుంది. ఈ రెండు కోర్సులకూ ట్యూషన్ ఫీజు లేదు. పైగా నెలకు 5000 రూపాయల స్టైపెండ్, పుస్తకాల వంటివాటికి ఏడాదికి కొంత గ్రాంటు. వేరే దరఖాస్తు, వేరే మెరిట్ లిస్టు లేవు. సీటు వచ్చిందంటే స్కాలర్‌షిప్ వచ్చినట్టే. కానీ అది కోర్సు మొత్తానికీ రాసిచ్చిన దానపత్రం కాదు. ప్రతి సెమిస్టర్ మార్కులు చూసి మళ్లీ నిర్ణయిస్తారు: ఫస్ట్ క్లాసు నిలిస్తే పూర్తి స్టైపెండ్, కిందికి జారితే సగం, ఇంకా జారితే అదీ లేదు. ప్రవేశం రోజున తెచ్చుకున్న ర్యాంకుకు జీవితాంతం వడ్డీ రాదు.

మన పేపర్లలో జూన్ నెలంతా కనిపించే ప్రైవేటు యూనివర్సిటీ ప్రకటనలు దీని పక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది. ఇంత ర్యాంకు లోపు నూరు శాతం రాయితీ, అంతలోపు యాభై, ఆపైన పాతిక. ఒక్క ర్యాంకు అటైతే లక్షల తేడా. రాయితీ ఇచ్చేదీ వాళ్లే, అది ఏ ఫీజు మీద అన్నది నిర్ణయించేదీ వాళ్లే. నూటికి యాభై తగ్గించామని చెప్పుకోవడానికి నూరు ఎంతైనా పెట్టుకోవచ్చు.

ఐఎస్ఐలో అంతా బంగారమే అనను. 5000 అనే అంకె కొన్నేళ్లుగా కదలలేదు. ఇవాళ్టి ధరల్లో అది మెస్సు ఖర్చు దాటి ఎంతో దూరం వెళ్లదు. పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది, తెలుగు మీడియం ఇంటర్ చదివిన పిల్లకు లెక్క రాక కాదు, ‘కారణాలు రాయండి’ అన్నచోట వాక్యం కుదరక మార్కు పోతుంది. సీట్లు ఒక్కో కోర్సుకు పదుల్లోనే. దేశమంతా పోటీ పడుతుంది కాబట్టి ‘మావాడికి ఛాన్సెంత?’ అన్న ప్రశ్నకు ఇంటర్ మార్కుల మెమో చూసి ఎవరూ జవాబు చెప్పలేరు.

చెప్పగలిగింది ఇంకోటి ఉంది, మన దగ్గర చాలామంది దాన్ని పట్టించుకోరు. అర్హతకు ఇంటర్‌లో గణితం, ఇంగ్లీషు ఉంటే చాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీల ఊసే పరీక్షలో రాదు. అంటే ఎంపీసీ పిల్లలే కాదు, ఎంఈసీ చదివే పిల్లలూ రాయొచ్చు. పరీక్ష మే నెలలో ఒక ఆదివారం, హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు సంస్థ వెబ్‌సైట్‌లో ఊరికే దొరుకుతాయి. దింపుకుంటే ముందు మధ్యాహ్నం పేపరు తీయండి, ఎనిమిదిలో ఒక్కటి ఎంచుకుని, గడియారం పక్కన పెట్టేసి కూర్చోండి.