పాత సెప్టిక్ ట్యాంకు: మరమ్మతా, కొత్తదా?

పాతికేళ్ల కిందట కట్టిన సెప్టిక్ ట్యాంకు పొంగగానే దాన్ని పడగొట్టి కొత్తది కట్టించాలనుకోవడం తెలుగు ఊళ్లలో పరిపాటి అయినప్పటికీ, లోపం చాలాసార్లు ట్యాంకులో కాక, అందులోంచి వచ్చే నీటిని నేలలోకి పంపే ఇంకుడు గుంతలో ఉంటుంది. బరువైన మలినం అడుగున మడ్డిగా పేరుకుని, కొవ్వు పైన తెట్టుగా తేలితే, నడిమి నీరు మాత్రమే బయటికి పోవాలి. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించని ఇళ్లలో అది నీటితోపాటు కొట్టుకుపోయి గుంత చుట్టూ ఉన్న మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. ట్యాంకరు వచ్చి ఖాళీ చేస్తుండగా బయటికి పోయే గొట్టంలోంచి నీరు వెనక్కి ట్యాంకులోకి కారితే, నిండిపోయినది గుంతేనని అర్థం, కాబట్టి కొత్త గుంత తవ్విస్తే సరిపోతుంది. అయితే నీరు సరిగా ఇంకని నల్లరేగడిలో ఆ గుంత కూడా ఎక్కువ కాలం నిలవదు.

వాడకంలో ఉన్న ట్యాంకులో నీటిమట్టం ఆ గొట్టం కంటే బాగా కిందనే నిలిస్తే గోడో అడుగో కారుతున్నట్టు లెక్క, ఆ దాపునే తాగునీటి బోరు ఉంటే ఆలస్యం చేయడం క్షమించరానిది. అడుగే లేని సిమెంటు రింగుల గుంతను సెప్టిక్ ట్యాంకుగా భావించి వాడుతున్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది.

అన్నిటికంటే మోసపుచ్చేది పైస్లాబు. మడ్డి కుళ్లగా పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును స్లాబు అడుగుభాగపు చెమ్మలోని సూక్ష్మజీవులు సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం సిమెంటును తినేసి లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది గనుక, పైన పిల్లలు ఆడుకునే స్లాబు చూపుకు గట్టిగానే కనిపిస్తూ అడుగున పెచ్చులుగా రాలుతుంటుంది. మూత తీసి, టార్చి వెలుతురులో అంచు అడుగును బయటి నుంచే గమనిస్తే తుప్పు చారలు కనబడతాయి. గోడలు బాగుంటే స్లాబును మాత్రమే మార్పించవచ్చు.

లోపలి గోడలకు తిరిగి సిమెంటు పూత వేయించడం చవకగా తోచినా, దానికి మేస్త్రీ లోపలికి దిగవలసి వస్తుంది, ఖాళీ చేసిన ట్యాంకులోనూ ఆ వాయువు ప్రాణం తీయగలదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. పూత పనికి దించినా ముప్పు అదే. అందువల్ల లోపలికి దిగితే తప్ప కుదరని మరమ్మతును మరమ్మతుగా లెక్కించకూడదు. అటువంటి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి, స్లాబును బయటి నుంచే పగలగొట్టి, ఇసుకతోనో మట్టితోనో పూడ్పించి, కొత్త ట్యాంకును బోరుకు దూరంగా కట్టించుకోవాలి.