వాలేస్ గీత: ఒక గ్రంథ పరిశీలన

ఏ ప్రాణి ఎక్కడ నివసించునో అక్కడి శీతోష్ణస్థితియే నిర్ణయించునని తరగతిలో తరచు చెప్పుట కలదు. ఎడారికి ఒంటె, మంచుకు ధ్రువపు ఎలుగుబంటి. అంతటితో పాఠము ముగియును. ఈ సమాధానము చాలదని చాటిన గ్రంథము ఆల్ఫ్రెడ్ రసెల్ వాలేస్ 1869లో ప్రకటించిన 'మలయ్ ద్వీపసమూహము'. 1854 నుండి 1862 వరకు ఆ దీవులలో తిరిగి, 1,25,000కు పైగా నమూనాలను సేకరించిన అనుభవము దీనికి పునాది.

గ్రంథపు బలమంతా పోలికలలో ఉన్నది. బోర్నియో, న్యూగినీ రెండును భూమధ్యరేఖ చెంతనున్న వేడి, తేమగల అడవుల దీవులే. అయినను బోర్నియోలో కోతులు, అడవిపిల్లులు ఉండగా న్యూగినీలో సంచిజంతువులున్నవి. వీటి దగ్గరి చుట్టములు పొడినేలల ఆస్ట్రేలియాలో ఉన్నవి. శీతోష్ణస్థితియే మూలకారణమైనచో ఇట్లుండరాదు. 1856లో బాలి నుండి ఇరుకైన జలసంధిని దాటి లంబోక్ చేరిన వాలేస్‌కు, బాలిలో తాను చూడని కాకటూ చిలుకలు కనిపించినవి.

దీనికి జవాబు సముద్రపు లోతులో ఉన్నది. ఈ సంగతిని 1845లోనే విండ్సర్ ఎర్ల్ సూచించెను. వాలేస్ ఆ ఋణమును దాచలేదు. సుమత్రా, జావా, బోర్నియోలు ఆసియా ఖండతీరపు అంచు పైన, న్యూగినీ ఆస్ట్రేలియా ఖండతీరపు అంచు పైన ఉన్నవి. సుమారు 20,000 ఏండ్ల క్రిందట సముద్రమట్టము ఇప్పటికంటె దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ లోతులేని సముద్రములు ఎండి నేలదారులైనవి. లోతైన లంబోక్ జలసంధి మాత్రము ఎండలేదు.

ఇక లోపములు. అగ్నిపర్వతములు భూగర్భమును వెలికి గ్రక్కుటచే నేల క్రుంగి దీవులు విడిపోయినవని వాలేస్ భావించెను. నేల క్రుంగుటకంటె, మంచు కరిగి సముద్రము పొంగుటయే ఇటీవలి ఎడబాటుకు ముఖ్యకారణమని నేడు తెలియును. రెండవది, గీతయొక్క ఖచ్చితత్వము. సులవేసిలో కోతులును ఉన్నవి, సంచిజంతువులును ఉన్నవి. దానిని ఎటు చేర్చవలెనో తేలక వాలేస్ 1910లో తన గీతనే తూర్పునకు జరిపెను. చెట్లు ఈ గీతను అంతగా పాటించవు; న్యూగినీ అడవులలో ఆసియా వృక్షముల బంధువులు అనేకము. కనుకనే నేటి శాస్త్రజ్ఞులు నడుమనున్న దీవులను 'వాలేసియా' అను సంధిప్రాంతముగా పరిగణింతురు.

అన్నిటికంటె బలహీనమైనది మనుష్యుల నడుమ కూడ ఇట్టి గీతనే గీయుట. రూపమును, స్వభావమును చూచి జాతులను విడదీసిన ఆ భాగము నేడు నిలువదు. పడవ నెక్కిన మనిషికి లోతైన సముద్రము అడ్డుగోడ కాదు. మడగాస్కర్ నుండి పసిఫిక్ దీవుల దాకా ఒకే కుటుంబపు భాషలు వ్యాపించుటయే ఇందుకు సాక్ష్యము.

ఇన్ని లోపములున్నను గ్రంథపు విలువ తరుగలేదు. దాని ప్రశ్న సరియైనది. ఉపాధ్యాయులు వాలేస్ గీతను బట్టీ పెట్టించుటకంటె, అట్లాసులో 200 మీటర్లలోపు లోతుగల లేతనీలి సముద్రమునకు విద్యార్థులచేత నేలరంగు వేయించుట మేలు. ఏ దీవి ఏ ఖండమునకు చెందినదో అప్పుడు వారికే తోచును. సులవేసి ఎటూ చేరక ఒంటరిగా మిగులుట చూచి 'ఎందుకు?' అని ఒక్క విద్యార్థి అడిగినను పాఠము ఫలించినట్లే.