సవాలు, జవాబు: ప్రభుత్వాధికారపు హద్దులపై ఒక విమర్శ

తెలుగువారి నోట నిత్యం మెదిలే ప్రభుత్వపు మాటల్లో చాలా భాగం అరబ్బీ, ఫారసీ భాషల నుండి వచ్చినవే. హుకుం, జప్తు, అర్జీ, ఫిర్యాదు, హక్కు, సవాలు, జవాబు - ఇవన్నీ పూర్వపు పాలనతో ఊరిలోకి వచ్చి ఊరివైపోయాయి. వీటిలో రెండు మాటల సంగతి ప్రత్యేకంగా గమనించదగినది. అరబ్బీలో 'సుఆల్' అంటే ప్రశ్న. అడగడమే తప్ప అందులో పోట్లాట లేదు. అదే మాట తెలుగులో 'సవాలు' అయిన తరువాత నేటి వాడుకలో దానికి కయ్యానికి కాలు దువ్వడమనే అర్థం స్థిరపడింది. పెద్దవారిని ప్రశ్న అడగడమే వారిని ఎదిరించడంగా లెక్కకు వచ్చే చోట మాట అర్థం అలా మారడంలో వింత లేదు. 'జవాబు' మాత్రం జవాబుగానే మిగిలింది. ప్రభుత్వాధికారానికి హద్దు ఎక్కడ అనే చర్చ అంతా నిజానికి ఈ రెండు మాటల మధ్యనే నడుస్తున్నది.

ఈ చర్చ ఢిల్లీలోనే సాగవలసినదనీ, చిన్న పట్టణాలకు దానితో పని లేదనీ చాలామంది తలపోస్తారు. అది పొరపాటు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను విడదీసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పరచారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆ కొత్త జిల్లాలోకి వచ్చాయి. జిల్లా కేంద్రం తమ ఊళ్లోనే ఉండాలని హిందూపురంలో ఆ సంవత్సరం మొదటి నెలల్లో పెద్ద ఆందోళన జరిగింది. జిల్లాల ఏర్పాటుకు సంబంధించిన 1974 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రభుత్వం ముందుగా ముసాయిదా ప్రకటించాలి, ముప్పై రోజుల గడువిచ్చి ఆక్షేపణలు కోరాలి, వాటిని పరిశీలించాలి. ఆ ప్రకారమే ప్రకటన వెలువడింది, గడువిచ్చారు, ఆక్షేపణలు వెళ్లాయి. కేంద్రం పుట్టపర్తిగానే నిలిచింది.

హిందూపురం కోరికే న్యాయమైనదా, పుట్టపర్తి ఎంపికే సరైనదా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. జిల్లా కేంద్రాన్ని నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే. ప్రశ్న ఇది: అర్జీ పెట్టుకున్న మనిషికి 'నీ మాట ఫలానా కారణం చేత ఒప్పుకోలేదు' అని చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉన్నదా? వినవలసిన బాధ్యతను చట్టం పెట్టింది. విన్నదానికి బదులు చెప్పే బాధ్యతను అంత స్పష్టంగా పెట్టలేదు. వినడం వేరు, జవాబు చెప్పడం వేరు. మన రాజ్యాంగ చర్చలో ఏడు దశాబ్దాలకు పైగా కనిపిస్తున్న లోపం ఈ రెంటినీ ఒకటిగా భావించడమే.

ఈ లోపం మొదలైన చోటు రాజ్యాంగ సభ. అనంతపురం జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. హిందూపురం ప్రాంతపు కల్లూరు సుబ్బారావు, ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి ఇద్దరూ ఆ సభలో సభ్యులు. వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే ముసాయిదా 15వ అధికరణం 1948 డిసెంబరు 6న చర్చకు వచ్చింది. అదే నేటి 21వ అధికరణం. చట్టం నిర్ణయించిన విధానం ప్రకారం తప్ప ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని ముసాయిదా చెప్పింది. ఆ విధానం న్యాయమైనదిగా ఉండి తీరాలనే అర్థం వచ్చే అమెరికా పదాన్ని ముసాయిదా సంఘం వదిలిపెట్టింది.

ఈ మార్పును విమర్శించిన వారిలో మద్రాసు నుండి ఎన్నికైన మహబూబ్ అలీ బేగ్ సాహెబ్ ఒకరు. ఆయన వాదంలో ఒక అంశాన్ని తరువాతి వారు తగినంతగా పట్టించుకోలేదు. ఈ పదబంధాన్ని జపాను రాజ్యాంగపు 31వ అధికరణం నుండి తీసుకున్నామని ముసాయిదా సంఘం చెప్పుకున్నది. అయితే ఆ అధికరణానికి తోడుగా జపానువారు పెట్టుకున్న తక్కిన రక్షణలను మాత్రం అక్కడే వదిలివేశారని బేగ్ ఎత్తిచూపారు. అలా వదిలిన వాటిలో 34వ అధికరణం ఒకటి. తగిన కారణం లేకుండా ఎవరినీ నిర్బంధించరాదనీ, అడిగిన వెంటనే ఆ కారణాన్ని బహిరంగ న్యాయస్థానంలో నిర్బంధితుని సమక్షాన చూపాలనీ అది ఆదేశిస్తుంది. అంటే సవాలుకు జవాబు అక్కడ రాజ్యాంగపు విధి. ఆ వాక్యం మన రాజ్యాంగంలోకి రాలేదు.

రెండవ పక్షాన నిలిచినవారు సామాన్యులు కారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ఆ కాలపు న్యాయ పండితుల్లో అగ్రగణ్యుడు. న్యాయమైన విధానమనే మాటను చేరిస్తే న్యాయమూర్తులు తమ సొంత అభిప్రాయాలనే న్యాయంగా చెలామణి చేసి, బీదల మేలు కోరిన చట్టాలను కొట్టివేస్తారని ఆయన భయం. అమెరికాలో కార్మికుల వేతన చట్టాలకు పట్టిన గతి ఆయన కళ్లముందు ఉంది. డిసెంబరు 13న అంబేద్కర్ రెండు పక్షాలలోనూ ప్రమాదం ఉన్నదని చెప్పి నిర్ణయాన్ని సభకే వదిలారు. సభ ముసాయిదానే ఆమోదించింది. దాని లోటు పూడ్చడానికని 1949 సెప్టెంబరులో తెచ్చిన అధికరణమే నేటి 22వది. విచారణ లేని నిర్బంధానికి రాజ్యాంగంలోనే చోటు కల్పించినది కూడా అదే కావడం విచిత్రం. నిర్బంధానికి కారణాలు చెప్పాలని అది ఒక చేత్తో ఇచ్చి, ప్రజాహితం పేరిట వాస్తవాలను దాచుకోవచ్చునని మరొక చేత్తో తీసుకున్నది.

అల్లాడి వాదానికి ధర్మవరం మంచి పరీక్ష. పట్టుచీరల నేతకు పేరుపొందిన ఆ ఊరి మగ్గానికి మరమగ్గంతో పోటీ ప్రాణసంకటం. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకిస్తూ పార్లమెంటు 1985లో చట్టం చేసింది. మొదట 22 రకాలను ప్రత్యేకించారు, తరువాత అవి 11కు తగ్గాయి. వ్యాపార స్వేచ్ఛ తమ ప్రాథమిక హక్కు అంటూ మరమగ్గాల పక్షం వారు న్యాయస్థానానికి వెళ్లారు. 1993లో పర్వేజ్ అఖ్తర్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. ఇక్కడ గ్రహించవలసినది, ప్రభుత్వం మౌనంగా ఉండి గెలవలేదు. ఈ ఆంక్ష ఎందుకు, దీనివల్ల ఎవరి జీవనోపాధి నిలుస్తుంది అనే ప్రశ్నలకు అది కారణాలు చూపింది, న్యాయస్థానం వాటిని తూచి సమంజసమని తేల్చింది. కారణం అడిగితే బీదల చట్టాలు కూలిపోతాయన్న అల్లాడి భయం ధర్మవరం విషయంలో నిజం కాలేదు. కారణం ఉన్న చట్టం అడిగినందువల్ల మరింత బలపడింది. ఆ చట్టం అమలులో బలహీనంగా ఉన్నదని నేతగాళ్లు చేసే ఫిర్యాదు వేరే సంగతి. అది అధికారం మితిమీరడం కాదు, ఉన్న అధికారాన్ని వాడకపోవడం. దానికీ జవాబు రావలసిందే.

జవాబు చెప్పని ప్రభుత్వం ఏమవుతుందో చూపిన కేసు కూడా రాయలసీమదే. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో బస్సు మార్గాలను ప్రభుత్వ రంగంలోకి తీసుకునే పథకం మీద ప్రైవేటు బస్సుల యజమానులు వ్యాజ్యం వేశారు. నాటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి రాజకీయ కక్షతో ఈ పని చేయించారని వారి ఆరోపణ. 1964 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆరోపణకు గురైన వ్యక్తి ప్రమాణ పత్రంతో దానిని ఖండించలేదు గనుక అది ఖండన లేకుండా నిలిచినట్లే భావించి పథకాన్ని కొట్టివేసింది. మౌనమే అక్కడ ప్రభుత్వాన్ని ఓడించింది. ఆ తీర్పు దరిమిలా సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. బస్సు మార్గం విషయంలో ఇంతటి జవాబు అడిగిన న్యాయస్థానం, మనిషిని చెరలో పెట్టిన విషయంలో అంత గట్టిగా అడిగిందా?

అడగలేదనే చెప్పాలి. 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో నిర్బంధ చట్టాన్ని చాలా భాగం సమర్థించింది. నిర్బంధ కారణాలను న్యాయస్థానానికి సైతం వెల్లడించరాదన్న 14వ సెక్షనును కొట్టివేయడం ఒక్కటే ఊరట. 1976 ఏప్రిల్ 28న, అత్యయిక పరిస్థితిలో, జబల్పూరు కేసులో నలుగురు న్యాయమూర్తులు నిర్బంధితునికి కోర్టు తలుపు తట్టే హక్కే లేదన్నారు. న్యాయమూర్తి ఖన్నా ఒక్కరే విభేదించారు. బస్సు యజమానికి దొరికిన జవాబు ఖైదీకి దొరకలేదు. బేగ్ భయపడినది అక్షరాలా జరిగింది: విధానం ఉన్నది, చట్టం ఉన్నది, న్యాయం మాత్రం లేదు. 1978లో మేనకా గాంధీ కేసు విధానం న్యాయమైనదిగా ఉండాలని చెప్పి బేగ్ పక్షాన్ని ముప్పై ఏళ్లకు నిలబెట్టింది. జబల్పూరు తీర్పును 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తప్పని ప్రకటించింది.

ఇస్లామీయ న్యాయ సాహిత్యం చదివినవారికి ఈ వివాదం కొత్తది కాదు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఇమాం అబూ యూసుఫ్ కేవలం ఒకరు నింద మోపినంత మాత్రాన మనిషిని చెరలో పెట్టడం తగదని, ఉభయులనూ ఎదురుగా నిలిపి విచారించాలని పాలకునికే చెప్పారు. దాదాపు రెండున్నర శతాబ్దాల తరువాత అల్ మావర్దీ ఖాజీకి లేని వెసులుబాటు అమీరుకు ఉన్నదని, విచారణ నిమిత్తం అనుమానితుణ్ణి కొంతకాలం నిర్బంధించవచ్చునని రాశారు. ఒకే సంప్రదాయంలో ఇద్దరు పండితులు. వీరిలో ఒకరి మాటను మాత్రమే ఎత్తిచూపి 'మా సంప్రదాయం ఇదే' అని చాటడం పాండిత్యం కాదు. మావర్దీ వెసులుబాటు సైతం విచారణ అనే ప్రయోజనానికి కట్టుబడినదే గాని, విచారణే లేని చెరకు అనుమతి కాదు. అదే మావర్దీ పాలకుల అన్యాయం మీద ఫిర్యాదులు వినే 'మజాలిమ్' పీఠానికి తన గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించారు.

ప్రభుత్వానికి జవాబు చెప్పించేది ఓటు కాదా అని కొందరు అడుగుతారు. ఈ మాటకు హిందూపురమే ఉదాహరణ. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ శాసనసభలో బలం తేల్చకుండానే ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని తొలగించారు. ప్రజలు ఊరుకోలేదు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో హిందూపురం ఆయనను గెలిపించింది, 1989లోనూ 1994లోనూ గెలిపించింది. బలం తేలవలసినది శాసనసభలోనేనన్న సూత్రాన్ని బొమ్మై కేసు 1994లో స్థిరపరచింది. ఓటు గొప్ప జవాబే. కాని అది అయిదేళ్లకొకసారి వచ్చే జవాబు. పైగా బాధితుడైన పాలకుడు కూడా పాలకుడే.

దీనికి పెనుకొండ డివిజను పల్లెలతో సహా ఆంధ్రప్రదేశ్ పల్లెలన్నీ సాక్షులు. అదే రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఒక ఆర్డినెన్సుతో కరణాలు, మునసబుల ఉద్యోగాలను ఒక్క పెట్టున రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవడం చాలామందికి సంతోషం కలిగించింది, అందులో న్యాయం ఉంది. అయితే ఆ ఆర్డినెన్సు శాసనసభ ఆమోదంతో చట్టం కాకుండానే మళ్లీ మళ్లీ జారీ అయింది. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఆర్డినెన్సు వెనుక ఉద్దేశాన్ని తాము విచారించబోమని, అది కాలం చెల్లినా రద్దయిన ఉద్యోగాలు తిరిగి రావని తీర్పు చెప్పింది. ఆర్డినెన్సు గడువు తీరినా దాని ఫలితం నిలుస్తుందన్న సిద్ధాంతాన్ని 2017లో ఏడుగురు న్యాయమూర్తులు తోసిపుచ్చారు. మంచి పని అయినంత మాత్రాన జవాబు చెప్పకుండా చేయవచ్చునని ఒప్పుకుంటే, రేపు చెడ్డ పని చేసేవాడికి దారి తీర్చి పెట్టినట్లే.

కాబట్టి అల్లాడి, బేగ్ వాదాలలో ఒకదానిని గెలిపించి రెండవదానిని ఓడించడం వల్ల ప్రయోజనం లేదు. వ్యాపారం మీద ఆంక్షకు, మనిషి శరీరం మీద సంకెలకు ఒకే కొలబద్ద వాడడమే ఆనాటి పొరపాటు. ఆస్తి విషయంలో న్యాయమూర్తి తొందరపడరాదన్న అల్లాడి హెచ్చరిక మంచిదే. శరీరం విషయంలో ప్రభుత్వం వెంటనే కారణం చూపాలన్న బేగ్ పట్టుదల అంతకంటే అవసరం. భారం పెరిగిన కొద్దీ జవాబు త్వరగా రావాలి, పూర్తిగా రావాలి.

ఈ లెక్కన చూస్తే ఒక పని ఇంకా మిగిలే ఉంది. అత్యయిక పరిస్థితిలో సైతం 20, 21 అధికరణాల రక్షణను నిలిపివేయరాదని 44వ సవరణ శాసించింది. 1979 ఏప్రిల్ 30న దానికి ఆమోద ముద్ర వేసిన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. పదిహేనేళ్ల కిందట న్యాయస్థానం అడిగిన ప్రశ్నకు బదులివ్వక పదవి వదులుకున్న వ్యక్తి చేతి మీదుగానే ఈ రక్షణ రావడం చరిత్రలో ఒక దిద్దుబాటు. కాని అదే సవరణలో ముందస్తు నిర్బంధాన్ని కట్టడి చేసే భాగం కూడా ఉంది. సలహా మండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించగల గడువును మూడు నెలల నుండి రెండు నెలలకు తగ్గించి, ఆ మండలిని ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతో ఏర్పరచాలని అది చెబుతుంది. పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకం చేశారు. ఆ భాగాన్ని అమలులోకి తెచ్చే ప్రకటనను మాత్రం తరువాత వచ్చిన ఏ కేంద్ర ప్రభుత్వమూ నేటి వరకు జారీ చేయలేదు. ఎందుకు చేయలేదన్న సవాలు నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచే ఉంది. జవాబు రావలసి ఉంది.