286వ స్థానంలో ఒక గడియ

మెదడులోని ప్రోటీన్లలో చాలావరకు కొద్ది రోజుల్లోనో వారాల్లోనో శిథిలమవుతాయి, వాటి చోట కొత్తవి వస్తాయి. చిన్ననాటి సంగతులు మాత్రం డెబ్బై ఏళ్ల వయసులోనూ గుర్తుంటాయి. ఈ చిక్కును 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ ఎత్తిచూపారు. మరుసటి ఏడాది జాన్ లిస్మన్ ఒక ఊహ చేశారు: తనకు తానే ఫాస్ఫేటు తగిలించుకునే ఎంజైము ఉంటే, అది తన స్థితిని తానే నిలుపుకోగలదు. నాడీకణాలు కలిసే సంధుల్లో అలాంటిది నిజంగానే ఉంది, అదీ పుష్కలంగా. పేరు క్యామ్‌కె2. దాని నిర్మాణాన్ని తీరిగ్గా చూడాలి.

ఒక్కో క్యామ్‌కె2లో సాధారణంగా పన్నెండు ఉపభాగాలు. వాటి మొదళ్లు ఆరేసి చొప్పున రెండు వలయాలై, ఒకదానిపై ఒకటి కుదురుకుంటాయి. పనిచేసే తలలు చుట్టూ బయటికి చాచి ఉంటాయి. ప్రతి తలలోనూ ఒక గాడి. ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు అతికేది అక్కడే. తలకూ మొదలుకూ నడుమ ఉన్న చిన్న పట్టీ, కణం విశ్రాంతిగా ఉన్నంతసేపూ ఆ గాడిలో గడియలా పడి ఉంటుంది. ఎంజైమును ఆపి ఉంచేది దాని సొంత భాగమేనన్నమాట.

గడియ తీయడానికి కాల్షియం కావాలి. సంధికి అవతలి కణం గ్లుటమేట్ అనే సంకేత రసాయనాన్ని వదలాలి, ఇవతలి కణం అప్పటికే ఉత్తేజితమై, గ్లుటమేట్‌ను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకపు రంధ్రంలోంచి మెగ్నీషియంను నెట్టేసి ఉండాలి. అప్పుడే ఆ దారిన కాల్షియం లోపలికొస్తుంది. నాలుగు కాల్షియం అయాన్లు పట్టుకున్న కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్ ఆ పట్టీని చుట్టుకుని గాడిలోంచి లాగేస్తుంది.

అసలు పనితనమంతా ఇక్కడుంది. ఆల్ఫా రకం క్యామ్‌కె2 ఉపభాగంలో 478 అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది, పట్టీలో ఉన్న 286వది థ్రియోనిన్. పట్టీ లేవగానే అది బయటపడుతుంది. దానికి ఫాస్ఫేటు అతికించేది ఆ తల కాదు, పక్క ఉపభాగం. ఆ పక్కదీ మేల్కొని ఉండాలి, ఇటు పట్టీ మీద కాల్మోడ్యులినూ ఉండాలి. కాల్షియం అలలు ఆగి ఆగి వస్తే రెండోది లేచేసరికి మొదటిది మళ్లీ మూసుకుపోతుంది. వెంటవెంటనే వస్తే ఇరుగుపొరుగు రెండూ ఒకేసారి మెలకువగా దొరుకుతాయి. అలల జోరు కొలవడానికి వేరే సాధనం అక్కర్లేదు, ఈ ఒక్క నియమం చాలు! ఫాస్ఫేటు పడ్డాక పట్టీ తిరిగి గాడిలో సరిగా కూర్చోలేదు. కాల్షియం వెళ్లిపోయినా తల పని సాగిస్తుంది.

1998లో ఆ థ్రియోనిన్ బదులు అలనైన్ ఉన్న చిట్టెలుకలను పరీక్షించారు. అలనైన్‌కు ఫాస్ఫేటు తగులుకునే హైడ్రాక్సిల్ లేదు. కాల్షియం ఉన్నంతసేపు వాటి ఎంజైము బాగానే పనిచేసేది, అది పోతే ఆగిపోయేది. నీటితొట్టెలో మునిగి ఉన్న తిన్నె ఎక్కడుందో అవి నేర్చుకోలేకపోయాయి.

అలాగని జ్ఞాపకమంతా ఆ ఫాస్ఫేటులోనే ఉందనడం తొందరపాటు. 2009లో నాడీకణపు కొమ్మలైన డెండ్రైట్ల మీద సంధులుండే ఒక్కో ముల్లులో చూస్తే, ఉత్తేజం ఆగాక ఎంజైము చురుకు సుమారు నిమిషంలో చల్లారింది. ఆలోగానే అది ఎన్‌ఎండీఏ గ్రాహకపు తోకను పట్టుకుని సంధిలో స్థిరపడగలదు. అక్కడ గ్లుటమేట్‌ను అందుకునే మరో రకమైన ఆంపా గ్రాహకాలు పెరిగి సంధి బలపడుతుంది.

పగ్గం కూడా ఆ పట్టీ మీదే ఉంది. 305, 306 స్థానాల్లో ఫాస్ఫేటు పడితే కాల్మోడ్యులిన్ దాన్ని మళ్లీ పట్టుకోలేదు. ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే జన్యు రుగ్మతకు నమూనాగా పెంచిన చిట్టెలుకల్లో ఈ ఫాస్ఫేట్లు ఎక్కువ. 2007లో ఆ రెండు చోట్లా ఫాస్ఫేటు పట్టకుండా జన్యువును మార్చి చూశారు. వాటి నేర్చుకునే శక్తి మెరుగైంది, మూర్ఛలూ తగ్గాయి.