చిత్రతురగం మీద సవారీ: యానిమేషన్ పాత్రలు, థీమ్ పార్కు, సామాజికుడు

పెబ్బేరు, వనపర్తి ప్రాంతంలో జాతరలకూ ఎగ్జిబిషన్లకూ వచ్చే రంగులరాట్నాల రేకుల మీద, పిల్లలు ఎగిరి గంతులేసే గాలికోటల గోడల మీద ఛోటా భీమ్ బొమ్మ కనిపించడం ఇప్పుడు వింత కాదు. చాలాచోట్ల ఆ బొమ్మ మూలానికి సరిపోదు. కళ్ళు కాస్త ఎడంగా జరిగి ఉంటాయి, ధోవతి రంగు మారి ఉంటుంది, పక్కన ఏ సంబంధమూ లేని మిక్కీ మౌస్ నిలబడి ఉంటుంది. అయినా పిల్లలు క్షణంలో పోల్చుకుంటారు. 2001లో హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టించిన ఈ పాత్ర 2008లో పోగో ఛానల్‌లో ధారావాహికగా మొదలై, 2012లో వెండితెరకు ఎక్కి, అక్కడి నుంచి పుస్తకాల సంచుల మీదికీ రాట్నపు రేకుల మీదికీ దిగింది. ఈ దిగుడును వ్యాపారపు ఖాతాలో వేసి ఊరుకోవడం మన విమర్శకు అలవాటు. తెర మీది బొమ్మ నేల మీదికి వచ్చినప్పుడు దాన్ని చూసే సామాజికుడికి ఏమవుతుంది అన్నది అలంకారశాస్త్రపు ప్రశ్న కూడా. ఆ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

థీమ్ పార్కుల గురించి తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: అక్కడ ప్రేక్షకుడు కథను చూడడు, కథలోకి ప్రవేశిస్తాడు అని. ఈ మాట నిజమైతే రసచర్చలో సామాజికుడి స్థానం గురించి పూర్వులు చెప్పిన దాన్ని మనం తిరిగి చూసుకోవలసి వస్తుంది. శంకుకుడి గ్రంథం మనకు దక్కలేదు గాని, అతని చిత్రతురగ న్యాయం అభినవభారతి ద్వారా మనకు తెలుసు. బొమ్మగుర్రాన్ని చూసి గుర్రం అనుకునే జ్ఞానం సత్యమూ కాదు, మిథ్యా కాదు, సంశయమూ కాదు, కేవల సాదృశ్యమూ కాదు; నటుణ్ణి చూసి రాముడు అనుకునే జ్ఞానం కూడా అటువంటిదే అని అతని వాదం. శంకుకుడికి అది నటుడి గురించిన ఉపమానం. యానిమేషన్ చిత్రంలో ఉపమానం అక్షరసత్యమైంది: అక్కడ నటుడు లేడు, చిత్రతురగమే ఉంది. థీమ్ పార్కు ఒక అడుగు ముందుకు వేసి ఆ చిత్రతురగం మీద సవారీ చేయమంటుంది. జాతరలో కొయ్యగుర్రం ఎక్కిన పసివాడికి ఈ సమస్య ముందే తెలుసు, పేరే తెలియదు.

ఈ సవారీ చరిత్రలో అతి విలువైన ఉదాహరణ ఒక వైఫల్యం. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీలాండ్ ప్రారంభమైంది. 1937 నాటి స్నో వైట్ చిత్రం ఆధారంగా అక్కడ ఒక రైడ్ పెట్టారు. చీకటి దారిలో చిన్న బండి సాగుతుంది. అడవి, మరుగుజ్జులు, మంత్రగత్తె ఒక్కొక్కరే ఎదురవుతారు. స్నో వైట్ మాత్రం ఎక్కడా కనిపించదు. అది మరుపు కాదు, ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు. బండిలో కూర్చున్న మీరే స్నో వైట్ అని, ఆమె చూసినదంతా మీరు చూస్తున్నారని నిర్మాతల భావన. పీటర్ పాన్, మిస్టర్ టోడ్ రైడ్లను కూడా ఇదే సూత్రం మీద కట్టారు. దిగివచ్చిన జనం మాత్రం స్నో వైట్ ఏదీ అని అడిగారు. 1983లో ఆ విభాగాన్ని పునర్నిర్మించినప్పుడు ఆయా నాయికా నాయకుల ప్రతిమలను లోపల చేర్చవలసి వచ్చింది.

దీన్ని జనం అవగాహనాలోపంగా చెప్పేవారు ఉన్నారు. నేను అలా అనుకోను. పాత్ర దృష్టికోణాన్ని ఇచ్చినంత మాత్రాన పాత్రను ఇచ్చినట్టు కాదు. అభినయం ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలనే నాలుగు తెరగులని నాట్యశాస్త్రం విభజించింది. 1955 నాటి బండిలో కూర్చున్న మనిషికి వీటిలో మొదటి మూడూ లేవు. అతడు కదలడు, బండి అతణ్ణి కదుపుతుంది. మాట లేదు, వేషం లేదు. సాత్త్వికం మిగిలిందనవచ్చు, మంత్రగత్తె ఎదురైతే ఒళ్ళు జలదరిస్తుంది కదా. అయితే ఆ జలదరింపు స్నో వైట్‌ది కాదు, ఆ ప్రయాణికుడి స్వంత భయం. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ జరగలేదు. భయం భయంగానే మిగిలిపోయింది, భయానకరసం కాలేదు. సామాజికుణ్ణి అనుకార్యుడి స్థానంలో కూర్చోబెట్టే ప్రయత్నం అతణ్ణి రెండు స్థానాలకూ దూరం చేసింది.

ఈ నిర్ణయానికి మన నేల మీదే ఒక ఎదురు ఉదాహరణ దొరుకుతుంది. రామోజీ ఫిల్మ్ సిటీలో 2017 నుంచి సందర్శకులకు తెరిచిన బాహుబలి సెట్టులో బాహుబలి లేడు. సినిమా యానిమేషన్ కాకపోయినా మాహిష్మతి చాలావరకు కంప్యూటర్ చిత్రకల్పనే. అదే ఏడాది ఆ కథాలోకం యానిమేషన్ ధారావాహికగా కూడా వచ్చింది. సెట్టులో ఉన్నది శూన్యరంగం. అక్కడ మాత్రం నాయకుడేడీ అన్న ప్రశ్న పుట్టదు. వచ్చినవాళ్ళు కత్తి ఎత్తినట్టు చేయి లేపుతారు, ఛాతీ విరుచుకుని నిలబడతారు, పక్కవాళ్ళు ఫోటో తీస్తారు. అంటే అక్కడ ఆంగికాభినయానికి చోటుంది, దాన్ని చూసే సామాజికుడు కూడా కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పాత్ర లేని చోట పాత్రను నింపేది దృష్టికోణం కాదని, అభినయమని ఈ పోలిక చెబుతున్నది. కథలోకి ప్రవేశం అన్న మాటకు ఏమైనా అర్థం ఉంటే అది ఇక్కడే ఉంది. ఆ అర్థంలో బొమ్మరథం దగ్గర భీముడిలా నిలబడి గద తిప్పిన పల్లెటూరి కుర్రవాడు డిస్నీలాండు కంటే ముందున్నాడు.

పార్కులో తిరుగాడే వేషధారుల సంగతి వేరు. డిస్నీ పార్కుల్లో ముఖమంతా కప్పే తొడుగు వేసుకున్న మిక్కీ వంటి పాత్రలు సాధారణంగా మాట్లాడవు, చేతులూపుతాయి, కౌగిలించుకుంటాయి. ఆహార్యం సంపూర్ణం, ఆంగికం కొంత, వాచికం శూన్యం. మన పగటివేషంతో పోల్చి చూడండి. పగటివేషగాడు మన వీధికి, మన వాకిట్లోకి వస్తాడు. వేషం కట్టిన పాత్ర భాషలో మాట్లాడతాడు, అదే ఊపులో ఇంటి యజమానిని పొగుడుతాడు, ఊళ్ళో జరిగిన ముచ్చట కలుపుతాడు, చివరికి చేయి చాస్తాడు. అతని వాచికమే పాత్రను ఆ ఊరికి కట్టేస్తుంది. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క చేసేదీ అదే: రామాయణం మధ్యలో దూరి నిన్నటి ఊరి తగవు గురించి మాట్లాడతారు. పార్కులోని మూగ మిక్కీ ఎక్కడైనా ఒకటే. ఒకటే కావాలనే అతణ్ణి మూగవాణ్ణి చేశారని కూడా అనుకోవచ్చు, ఎందుకంటే గొంతు ఉంటే యాస వస్తుంది, యాస వస్తే ఊరు వస్తుంది.

కథకూ రైడ్‌కూ ఉన్న ముడి ఎంత వదులో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1946 నాటి సాంగ్ ఆఫ్ ద సౌత్‌లోని యానిమేషన్ జంతుపాత్రలతో 1989లో డిస్నీలాండ్‌లో స్ప్లాష్ మౌంటెన్ వచ్చింది. నల్లజాతివారి చిత్రణపై విమర్శలున్న ఆ చిత్రాన్ని పక్కన పెట్టి, 2009 నాటి ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్‌లోని టియానా పాత్రతో అదే చోట కొత్త రైడ్‌ను 2024లో తెరిచారు. కాలువ దాదాపు పాతదే, చివరన పడే నిట్టనిలువు జారుడూ పాతదే. మార్పు న్యాయమైనదే. కానీ కుందేలు జారిన చోటే టియానా కథ జారగలిగిందంటే, జారుడుకు కథ అవసరం లేదన్నమాట.

కథ నుంచి బొమ్మ విడిపోవడం మనకు కొత్త అనుభవం కాదు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పుడు అదే తోలు మీద దీపపు తొడుగులు చేస్తున్నాయి. వెనక నుంచి వెలుగు పడటం, రంగు పారదర్శకంగా మెరవడం అలాగే ఉన్నాయి; ఆట లేదు. ఆ కుటుంబాలకు అది బతుకుదెరువు, దాన్ని తప్పు పట్టే హక్కు విమర్శకుడికి లేదు. అయితే గోడ మీది హనుమంతుడికి, రాత్రంతా తెర మీద ఎగిరిన హనుమంతుడికి మధ్య పోయినది ఏమిటో చెప్పే బాధ్యత మాత్రం ఉంది: గొంతు పోయింది.

ఇక మళ్ళీ రాట్నపు రేకు దగ్గరికి. మహాభారత భీముడు ఎవరి సొత్తూ కాదు. మాయాబజార్ 1957లో ఘటోత్కచుడికి లడ్డూలు తినిపించినప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు. అడగవలసిన పని లేదు. ఆ భీముడి పేరే పెట్టుకుని, ఆ లడ్డూల బలంతోనే ఎదిగిన ఛోటా భీమ్ మాత్రం ఒక సంస్థ ఆస్తి. అతని కొలతలు, రంగులు, కళ్ళ మధ్య దూరం అన్నీ నిర్ణయమై ఉంటాయి. చట్టం దృష్టిలో అది సబబే, సృష్టికర్త శ్రమకు రక్షణ కావాలి. కానీ నకాశీ చిత్రకారుడైనా తోలుబొమ్మలవాడైనా భీముణ్ణి తన చేతివాటంతో మళ్ళీ మళ్ళీ గీస్తూ వచ్చిన సంప్రదాయం నుంచి చూస్తే, రాట్నం రేకు మీద కళ్ళు ఎడంగా వేసిన ఆ పేరు తెలియని చిత్రకారుడు పాత హక్కునే వాడుకుంటున్నాడు. అతని భీముణ్ణి నకలు అనాలా, పాఠాంతరం అనాలా? తాళపత్ర ప్రతుల మధ్య తేడాలను గౌరవంగా నమోదు చేసే మన శాఖలకు ఈ ప్రశ్న పరాయిది కాకూడదు. ఆ రేకుల ఫోటోలు ఊరివారీగా, ఏడాదివారీగా సేకరించిన పరిశోధన ఒక్కటీ నా కంట పడలేదు. రంగు వెలిసిన రేకును జాతర ముగిశాక పైన సున్నం కొట్టి మళ్ళీ వేస్తారు, కింది బొమ్మ అంతటితో పోతుంది.