ఊపిరి బిగబట్టండి

కాలేయం స్కాన్ చేసేటప్పుడు నా నోట ఎక్కువగా వచ్చే మాట ఇదే. కాలేయం పైభాగం డయాఫ్రం కింద, పక్కటెముకల చాటున ఉంటుంది. ఊపిరి పీలిస్తే కాస్త కిందికి దిగుతుంది. ఆ కొద్దిసేపట్లోనే ప్రోబ్ వాల్చి ఆ మూల చూసేయాలి. ఆపైన ఎడమ పక్కకు తిరగమని మళ్లీ చూడాలి. పొట్ట లావైనా, పేగుల్లో గ్యాస్ ఉన్నా సగం కాలేయం దాక్కుంటుంది. పరగడుపున రమ్మనేది అందుకే.

సిర్రోసిస్ వచ్చి మచ్చలతో గట్టిపడిన కాలేయంలో క్యాన్సర్ గడ్డను వెతకడం మరీ చిక్కు. ఎక్కడ చూసినా బుడిపెలే. వాటిలో కొత్తది ఏదో పోయినసారి రిపోర్టు పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది. చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి వస్తారు!

గడ్డ సెంటీమీటరు లోపుంటే మూడు నెలల్లో మళ్లీ స్కాన్. దాటితే కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ గానీ ఎంఆర్ఐ గానీ. కాలేయానికి చేరే రక్తంలో ముప్పాతిక వంతు పోర్టల్ సిరదే, ధమనిది పావు వంతు. క్యాన్సర్ గడ్డ మాత్రం ప్రధానంగా ధమని రక్తం మీదే పెరుగుతుంది. అందువల్ల కాంట్రాస్ట్ ఎక్కగానే ముందు గడ్డ మెరుస్తుంది. కాసేపటికి చుట్టూ కాలేయం వెలుగుతుంటే అది నల్లబడుతుంది. సిర్రోసిస్ ఉన్న మనిషిలో ఈ రెండూ స్పష్టంగా కనిపిస్తే, చాలాసార్లు బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని చెప్పేస్తాం. "ముక్క తీయకుండా ఎలా చెప్తారండీ?" అని బంధువులు నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. చాలా అవయవాల విషయంలో మాకూ అంత ధైర్యం లేదు.

ఏఎఫ్‌పీ (ఆల్ఫా-ఫీటోప్రోటీన్) రక్తపరీక్ష తోడుగా పనికొస్తుంది గానీ, గడ్డ చిన్నగా ఉన్నప్పుడు అది తరచూ మామూలుగానే వస్తుంది. దాన్ని నమ్ముకుని స్కాన్ మానేయకూడదు. నొప్పి వచ్చాక చూద్దామనుకోవడం ఇంకా ప్రమాదం. కాలేయం లోపలి భాగానికి నొప్పి తెలియదు.

షాంఘైలో హెపటైటిస్-బి సోకిన లేదా దీర్ఘకాలిక హెపటైటిస్ వచ్చిన 18 వేల మందికి పైగా చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. ఆరు నెలలకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ చేసిన వర్గంలో కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. అదీ పిలిచిన ప్రతిసారీ అందరూ రాకపోయినా. మిషన్ ఎంత ఖరీదైనదన్న దానికంటే మనిషి మళ్లీ వచ్చాడా లేదా అన్నదే నాకు ముఖ్యం.

సిర్రోసిస్ ఉన్నవాళ్లు, తాగుడు మానేసినా సరే, స్కాన్ మానకండి. హెపటైటిస్-బి ఉంటే మీకు ఎప్పటినుంచి అవసరమో డాక్టర్‌ని అడగండి. రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజే ఆరు నెలల తర్వాతి తేదీ రాయించుకోండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు మర్చిపోకండి.