నగర పేదలకు సూక్ష్మ విత్తం: విమర్శనాత్మక పరిశీలన

సూక్ష్మ ఋణ సంస్థల వల్ల నగర పేదలకు ఆర్థిక సేవలు విస్తరించాయనే వాక్యాన్ని మీరు చాలాచోట్ల చదివి ఉంటారు. దానిని అంగీకరించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. విస్తరించినది ఏ సేవ? ఎవరికి?

ఇందుకు హైదరాబాదు అనుభవాన్ని పరిశీలించండి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు ఇక్కడి 104 మురికివాడలను అధ్యయనం చేశారు. లాటరీ పద్ధతిలో ఎంపికైన 52 వాడల్లో స్పందన సంస్థ ఋణాలివ్వడం ప్రారంభించింది. 6 నుంచి 10 మంది స్త్రీలు ఒక బృందం. మొదటి అప్పు 10,000 రూపాయలు, 50 వారపు వాయిదాలు. వడ్డీ 12 శాతమే అనిపిస్తుంది. కాని అది మొదటి అసలు మొత్తంపై చివరిదాకా వేసిన వడ్డీ. తగ్గుతూ వచ్చే బాకీపై లెక్కిస్తే దాదాపు 24 శాతం అవుతుంది.

ఏడాదిన్నర లోపు కనిపించిన ఫలితాలేమిటి? అప్పటికే వ్యాపారం ఉన్నవారు పెట్టుబడి పెంచారు. బయటి అప్పులు కొంత తగ్గాయి. ఈ మేలును తక్కువ చేయనక్కరలేదు. అయితే కుటుంబాల సగటు వినియోగంలో, పిల్లల చదువులో, స్త్రీల నిర్ణయాధికారంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సంస్థ ప్రవేశించిన వాడల్లో సైతం అర్హత గల కుటుంబాల్లో సుమారు 27 శాతమే సూక్ష్మ ఋణం తీసుకున్నాయి.

‘ఎవరికి’ అనే ప్రశ్నకు జవాబు నిబంధనల్లోనే ఉంది. కనీసం ఏడాదిగా ఆ ప్రాంతంలో ఉండాలి. బృందంలో 80 శాతం మందికి సొంత ఇల్లుండాలి. అంటే నిన్నగాక మొన్న పనికోసం వలసవచ్చి అద్దెగదిలో ఉంటున్న కూలి కుటుంబానికి తలుపు దాదాపు మూసినట్లే.

‘ఏ సేవ’ అనేది ఇంకా ముఖ్యం. బ్యాంకేతర సూక్ష్మ ఋణ సంస్థలు ప్రజల నుంచి డిపాజిట్లు స్వీకరించరాదు. కనుక అవి అందించినది ప్రధానంగా అప్పు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు పడిపోయాయి, కొత్త అప్పులు దాదాపు నిలిచిపోయాయి. అప్పు ఒక్కటే సేవ అయినచోట, అది ఆగితే సేవ కూడా ఆగినట్లే. పొదుపు ఖాతా అలా కాదు. జ్వరమొచ్చి నాలుగు రోజులు పని పోయినప్పుడు ఆ కుటుంబానికి కావలసింది మరో వాయిదా కాదు, తాను దాచుకున్న సొమ్ము.

కాబట్టి పరీక్షలో గాని, క్షేత్ర పరిశీలనలో గాని, ఋణగ్రహీతల సంఖ్యను చూసి విత్త సేవల విస్తరణను నిర్ధారించకండి. పొదుపు, బీమా, నగదు బదిలీ కూడా అందుతున్నాయా, అద్దె ఇళ్లవారికీ అందుతున్నాయా అని విచారించండి.